ఓసీఆర్ (ఫొటోలోని అక్షరాలు చదివే) ప్రాజెక్టు: కొత్త ఫొటోలకి యాక్యురసీ పడిపోతోంది

ప్రశ్న (పర్లాకిమిడి, బీటెక్ ఫైనల్ ఇయర్): మా బజారు తెలుగు, ఒడియా షాపు బోర్డులు చదివే మోడల్ అండి. టెస్ట్‌లో 97 శాతం వస్తోంది, వేరే వీధి ఫొటోలిస్తే సగం తప్పులే. ఎందుకు?

జవాబు 1: ఒక్కో బోర్డుకి నాలుగైదు ఫొటోలు తీసి, అన్నీ కలిపేసి ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ విడదీశారేమో చూడండి. అదే బోర్డు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ ఉంటే మోడల్ చదవదు, గుర్తుపట్టేస్తుంది. ప్రతి ఫొటోకీ షాపు నంబరిచ్చి, షాపులవారీగా విడదియ్యండి. దానికి పైథాన్ లైబ్రరీ సైకిట్‌లెర్న్‌లో గ్రూప్‌షఫుల్‌స్ప్లిట్ ఉందిగా. అంకె తగ్గుతుంది, తగ్గనివ్వండి. వైవాలో నిలబడేది అదే.

జవాబు 2: అవును. తప్పుల శాతం తెలుగుకీ ఒడియాకీ విడివిడిగా చూపించు తమ్ముడూ. 'స్త్రీ' తెర మీద ఒక్క అక్షరం, యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలకిచ్చే కోడ్‌లలో) 6 సంకేతాలు. తప్పులకి అక్షరాలు లెక్కపెట్టావో, సంకేతాలు లెక్కపెట్టావో రిపోర్టులో రాయి. ఇంకోటి, 100 ఎంబీ దాటిన మోడల్ ఫైలుని గిట్‌హబ్ (కోడ్ దాచుకునే సైట్) మామూలుగా తీసుకోదు, ముందే చూసుకో.