మెల్‌బోర్న్‌కి కొత్త: వాలంటీరింగ్ చేస్తే ఉపయోగం ఉంటుందా?

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి వచ్చి టార్నీట్‌లో ఉంటున్నాం. మావారు ఆఫీసుకి వెళ్తారు, బాబు ప్రెప్‌లో (ఇక్కడి స్కూల్లో మొదటి ఏడాది) చేరాడు. నేను అక్కడ అకౌంట్స్ చూసేదాన్ని. ఇక్కడ ఎక్కడ అప్లై చేసినా లోకల్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అంటున్నారు. వాలంటీరింగ్ చెయ్యమని కొందరు, జీతం లేని పనికి తిరగడమెందుకని ఇంట్లోవాళ్లు. ఏం చెయ్యమంటారు?

జవాబు, పాయింట్ కుక్ నుంచి

తప్పకుండా చెయ్యండమ్మా. ఉద్యోగం సంగతి తర్వాత చెప్తాను.

ఇక్కడ గాలివానకి చెట్టు కూలి ఇంటిమీద పడితే 132 500కి ఫోన్ చేస్తాం. నారింజరంగు యూనిఫాంలో ఎస్‌ఈఎస్ (స్టేట్ ఎమర్జెన్సీ సర్వీస్, వరదలు, గాలివానల్లో సాయం చేసే సంస్థ) వాళ్లు వస్తారు. వాళ్లలో దాదాపు అందరూ వాలంటీర్లే. పగలు ఎవరి ఉద్యోగం వాళ్లది, అర్ధరాత్రి పిలుపొస్తే నిద్ర మానుకుని వస్తారు. 2022 అక్టోబర్‌లో మారిబిర్నాంగ్ నది పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు కూడా వీళ్లు పనిలో ఉన్నారు. మనం ఇక్కడ ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని చదివించుకుంటూ, ఆ పని మాత్రం ఇంకెవరో చేస్తారులే అనుకోవడం నాకు నచ్చదు. అనుభవం అక్కర్లేదు, శిక్షణ వాళ్లే ఇస్తారు.

అంత పెద్ద పని ఇప్పుడే వద్దనుకుంటే బాబు స్కూల్లో అడగండి. ప్రెప్ పిల్లలు పుస్తకం చదువుతుంటే పక్కన కూర్చుని వినడానికి మనుషులు కావాలి. చాలా స్కూళ్లు వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లల మధ్య పనిచేసేవాళ్ల నేపథ్యం చూసి ఇచ్చే అనుమతి కార్డు) అడుగుతాయి. మన విక్టోరియా రాష్ట్రంలో వాలంటీర్లకి అది ఉచితం, 5 ఏళ్లు పనికొస్తుంది. అయితే ఆ కార్డుతో జీతం వచ్చే పని చెయ్యకూడదు.

వారాంతంలో బన్నింగ్స్ (ఇంటి సామాను, పనిముట్లు అమ్మే పెద్ద స్టోర్) ముందు సాసేజ్ సిజిల్ చూసే ఉంటారు, అంటే మాంసం సాసేజ్‌లు కాల్చి బ్రెడ్‌లో పెట్టి అమ్మే స్టాల్. స్కూళ్లు, క్లబ్బులు డబ్బు పోగుచేసుకునేది అక్కడే. ఒకరు ఉల్లిపాయలు వేయిస్తారు, ఒకరు బ్రెడ్ అందిస్తారు. ఉల్లిపాయ సాసేజ్ కిందే వెయ్యాలి. పైన వేస్తే నేలమీద పడి జనం జారతారని 2018లో ఆ స్టోర్ వాళ్లు చెప్పారు. మాంసం ముట్టనివాళ్లు డబ్బుల టేబుల్ దగ్గర ఉండొచ్చు. పక్కపక్కన నిలబడి గంటల తరబడి మాట్లాడుకుంటారు కాబట్టి ఇక్కడి యాస చెవికి అలవాటవుతుంది, వీధిలో ఎదురైతే పేరుపెట్టి పలకరించేవాళ్లు ఏర్పడతారు.

ఇక ఉద్యోగం. మీరు అకౌంట్స్ మనిషి. చిన్న క్లబ్బులకీ పేరెంట్స్ కమిటీలకీ ట్రెజరర్ దొరకడం కష్టం. కొన్నాళ్లు లెక్కలు శుభ్రంగా చూస్తే, రిఫరెన్స్‌కి ఎవరి నంబర్ ఇవ్వాలా అన్న టెన్షన్ ఉండదు. మన తెలుగు సంఘంలో కూడా చెయ్యండి, కానీ అక్కడితో ఆగిపోకండి.

ఇంకో జవాబు, ట్రుగనీనా నుంచి

పై మాటలకి ఒకటి కలుపుతాను. వాలంటీరింగ్ పేరుతో ప్రైవేటు కంపెనీకి ఊరికే పని చేసిపెట్టకండి. "మూడు నెలలు ఫ్రీగా చెయ్యండి, తర్వాత చూద్దాం" అంటే వద్దనెయ్యండి. జీతమివ్వాల్సిన పనికి జీతమివ్వాల్సిందే. ఈ విషయంలో ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌ని (జీతాలు, పని హక్కుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ) అడగొచ్చు. స్టూడెంట్ వీసావాళ్లు మరీ జాగ్రత్త: చదువు సాగుతున్నప్పుడు వాళ్లు రెండు వారాలకి 48 గంటలే పని చెయ్యొచ్చు. నిజమైన సేవ ఆ లెక్కలోకి రాదు, ఇలాంటి ఫ్రీ పని మాత్రం వస్తుంది.

చేరేముందు వారంలో ఎన్ని గంటలు ఇవ్వగలరో ఖాయం చేసుకోండి. వస్తానని చెప్పి రాకపోతే అక్కడ ఇంకొకరి మీద భారం పడుతుంది. నెలకి ఒక్క శనివారం వెళ్లినా సరే, మానకండి. ఫారం నింపేటప్పుడు సందేహం వస్తే ఇక్కడే అడగండి, చెప్తాం.