చతుష్పాదులు అంటే ఏ జంతువులు? రూపం, వాడుక గురించి సందేహం

పెరంబూరు ఉపాధ్యాయిని:
చెన్నైలో మా వీధి పిల్లలకు ఆదివారాల్లో తెలుగు నేర్పుతున్నాను. వారిని వండలూరు జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లే ముందు చదివించడానికి ఒక చిన్న పుస్తకం సిద్ధం చేస్తూ, ఒక అధ్యాయానికి ‘చతుష్పాదులు’ అని పేరు పెట్టాను. ఆవు, ఏనుగు, పులి అందులోకి వస్తాయి, సరే. మొసలిని, కప్పను కూడా చేర్చవచ్చునా? ‘చతుష్పాత్తు’, ‘చతుష్పాదం’ అనే రూపాలలో ఏది సరైనది? తెలిసిన పెద్దలు వివరించగలరు.

మైలాపూరు పాఠకుడు:
అమ్మా, ఇది ‘నాలుగు పాదములు కలది’ అనే అర్థంలో బహువ్రీహి సమాసం. సంఖ్యావాచకం మీద వచ్చిన పాద శబ్దం బహువ్రీహిలో చివరి అకారాన్ని కోల్పోతుందని పాణిని సూత్రం ఉన్నందువల్ల సంస్కృతంలో ‘చతుష్పాత్’ అవుతుంది. విద్యుత్ విద్యుత్తు అయినట్లే, తెలుగులో అది చతుష్పాత్తు. పంచాంగంలో అమావాస్య పూర్వార్ధాన వచ్చే కరణం (అంటే తిథిలో సగభాగం) పేరు కూడా ఇదే. చతుష్పాదం, చతుష్పాది అనేవి వాడుకలో స్థిరపడ్డాయి కనుక వాటిని నేను తప్పు పట్టను. ‘చతుష్పాధులు’ అని దకు ఒత్తు పెట్టడం మాత్రం తప్పే. ఇక అర్థానికి వస్తే, ‘శం నో అస్తు ద్విపదే శం చతుష్పదే’ అన్న శాంతిమంత్రంలో రెండు కాళ్లవారంటే మనుషులు, నాలుగు కాళ్లవంటే ముఖ్యంగా వారి పశుసంపద.

తాంబరం జంతుశాస్త్ర అధ్యాపకుడు:
జంతుశాస్త్రంలో ఈ ఒక్క మాట రెండు భావాలకు వాడుతున్నందువల్లనే చిక్కు వస్తోంది. నాలుగు కాళ్లతో నడిచేది అనే అర్థంలో మొసలి, ఆవు రెండూ చతుష్పాదులే. టెట్రాపాడ్ అనే అర్థంలో అది నడకను కాక వంశాన్ని చెబుతుంది: నాలుగు అవయవాలున్న పూర్వీకుల నుంచి వచ్చిన ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు అన్నీ అందులోవే. పక్షి రెక్కలు, తిమింగలం తెడ్లు మార్పు చెందిన ముంగాళ్లే. కాళ్లు లేని కొండచిలువకు సైతం తోక మొదట ఇరువైపులా వెనుక కాళ్ల అవశేషాలు చిన్న గోళ్లలా కనిపిస్తాయి. చేపల రెక్కలు కాళ్లుగా మారిన క్రమాన్ని చూపే టిక్టాలిక్ అనే ప్రాచీన చేప శిలాజాలు కెనడా ఉత్తర దీవులలో 2004లో దొరికాయి. వాటి వయస్సు దాదాపు 37.5 కోట్ల సంవత్సరాలు. ఈ అర్థం తీసుకుంటే మీ అధ్యాయంలో చిలుకకూ పాముకూ చోటివ్వాలి. అందువల్ల చిన్నపిల్లల పుస్తకానికి ‘నాలుగు కాళ్ల జంతువులు’ అన్న శీర్షిక పెట్టి, మొసలిని, కప్పను నిస్సంకోచంగా చేర్చండి.

పెరంబూరు ఉపాధ్యాయిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘ముక్కాలి పీట’ తీరులో ‘నాలుకాలి జంతువులు’ అని కుదించవచ్చునా?

మైలాపూరు పాఠకుడు:
వద్దండి. తమిళంలో ‘నార్కాలి’ అంటే కుర్చీ. వీధిలో తమిళం మాట్లాడే పిల్లలకు ముందుగా అదే తోస్తుంది. ‘పశువులు’ అన్నా ఆవులు, గేదెల దగ్గరే ఆగిపోతారు. అధ్యాపకులు సూచించిన శీర్షికనే ఉంచండి.