నాయనకు పులుసు, పాపకు చప్పటి కూర: ఒకే పొయ్యి మీద ఎట్లా?

కావలి వంటిల్లు:
మా ఆయనకు చేపల పులుసంటే కారం, పులుపు రెండూ నషాళానికంటాల. ఏడేళ్ల పాపకు ఆ రెండూ పడవు. వండాక పాప వాటాలో నీళ్లు కలిపితే రుచి పోతోంది, మంట మాత్రం పోవట్లేదు. కిలో చేపతో ఇద్దరికీ ఒకేసారి అయ్యే దారి చెప్పండి. మొదట్నుంచీ రెండు కూరలు వండే ఓపిక లేదు.

మూలాపేట:
వండాక విడదీస్తే లాభం లేదమ్మా. మిరపకాయ మంట నూనెలో కరుగుతుంది, నీళ్లలో సరిగా కరగదు. మీరు పోసిన నీళ్లకు ఉప్పూ పులుపూ చప్పబడతాయి, మంట నూనెతో పైన తేలుతుంది. తినేటప్పుడు కూడా పాపకు నీళ్లు కాదు, పెరుగు ఇవ్వండి.

కారం పడకముందే విడదీయాల. దాకలో 100 మి.లీ. నూనె, ఆవాలు, చిటికెడు మెంతులు, కరివేపాకు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు మూడు. మెత్తబడ్డాక రెండు టమాటాలు, పసుపు, ఉప్పు. గుజ్జయ్యాక రెండు గరిటెలు చిన్న గిన్నెలోకి తీయండి, అది పాపది.

దాకలో మిగిలినదానికి మూడు పెద్ద చెంచాల కారం, రెండు చెంచాల ధనియాల పొడి వేసి సన్న సెగన నిమిషం వేయించి, 60 గ్రాముల చింతపండు పిసికి తీసిన రసం అరలీటరుకు కొంచెం ఎక్కువే పోయండి. పావుగంట మరగాల. చాలామంది ఇక్కడే తొందరపడతారు. పులుసు పచ్చివాసన పోకముందే చేప వేస్తే, అది పోయేసరికి ముక్క విడిపోతుంది. చిక్కబడ్డాక చేప, పుల్లమామిడి ముక్కలు వేసి 10 నుంచి 12 నిమిషాలు. గరిటె పెట్టొద్దు, దాకనే గుడ్డతో పట్టుకుని తిప్పండి. దించేముందు వేయించిన మెంతులు, జీలకర్ర పొడి అర చెంచా. తెల్లారి తింటేనే దాని రుచి, అది వేరే చెప్పాలా!

పాప గిన్నెలో పలచటి కొబ్బరిపాలు 150 మి.లీ. పోసి, మూడు చేప ముక్కలు సన్న సెగన ఎనిమిది నిమిషాలు. చిక్కటి పాలు దించాకే పోయండి, తెర్లితే విరుగుతాయి. చింతపండు వద్దు, ఒక్క మామిడి ముక్క చాలు.

కందుకూరు:
చేప సంగతి ఎవరూ చెప్పలేదే. బొచ్చె, రవ్వు అయితే వీపు, తోక ముక్కల్లో సన్న ముళ్లుంటాయి, పిలకాయలకు ప్రమాదం. పొట్ట ముక్కల్లో పక్కటెముకలే, చేత్తో తీసేయొచ్చు. కోసేవాళ్లకు ముందే చెప్పి అవి వేరుగా కట్టించుకోండి. వంజరం, కొర్రమీను, పండుగప్ప అయితే ఈ బాధే తక్కువ.

ఒంగోలు:
ఇంత అవసరమా అక్కా? బ్యాడిగి రకం మిరప కారం వేస్తే రంగు వస్తుంది, మంట తక్కువ. అందరికీ అదే వండి, ఆయన గిన్నెలో మంటెక్కువుండే తేజా రకం కారంతో తాలింపు పెట్టండి.

మూలాపేట:
పప్పుచారుకు నడుస్తుంది, పులుసుకు కాదండీ. పైన వేసిన కారం పైనే ఉంటుంది, ముక్కకు పట్టదు. బ్యాడిగి మాత్రం మంచి మాటే. కొంచెం పెద్దయ్యాక పాప గిన్నెలో అర చెంచా వేసి అలవాటు చేయొచ్చు.

కావలి వంటిల్లు:
సరేనండీ, విడదీసే చేస్తాను. పొద్దున కారం దోసెకూ ఇదే తంటా.

కందుకూరు:
పాప దోసెలు ముందు పోయండి, నెయ్యి, పప్పుల పొడితో. ఎర్రకారం పూసిన దోసె ఒక్కటి పడినా పెనం మీద నూనెలో మంట మిగులుతుంది. తర్వాత పోసే తెల్ల దోసెకూ అంటుకుంటుంది.