అప్‌డేట్: ఏడాది సరుకులు సీజన్‌లోనే కొనేశాం
కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటే నిజంగా డబ్బులు మిగులుతాయా, పురుగు పట్టదా అని సంక్రాంతప్పుడు అడిగాను కదా, మిగిలాయండీ! కొత్త పంట దిగే ఫిబ్రవరి, మార్చిలో తీసుకున్నాం, మిర్చి గుంటూరు నుంచి తెలిసినవాళ్ళతో తెప్పించాం, ఇప్పుడు వానాకాలంలో షాపు రేట్లు చూస్తుంటే ఎంత మంచి పనైందో అనిపిస్తోంది. మీరు చెప్పినట్టే పప్పు బాగా ఎండబెట్టి, చల్లారాక అరచేతికి కొంచెం ఆముదం రాసుకుని గింజ గింజకీ అంటేలా కలిపి డబ్బాకెత్తాం, ఒక్క పురుగు లేదు, వండేముందు వేడినీళ్ళతో కడిగితే జిడ్డు పోతుంది. చింతపండు గింజలు, ఈనెలు తీసేసి కల్లుప్పు చల్లి జాడీలో అదిమిపెట్టాం, రంగు కాస్త నల్లబడింది గానీ పులుపు అలాగే ఉంది. గోధుమపిండి మాత్రం ఇలా నిల్వ పెట్టొద్దు, ఏ నెలకానెల ఆడించుకోవడమే నయం. సలహాలిచ్చిన అక్కలందరికీ చాలా థాంక్స్!