క్రియాటినిన్ 0.5 అంటే కిడ్నీలు బాగున్నట్టా, కండ తగ్గినట్టా?

ప్రశ్న: కృష్ణాతీరం

మా అమ్మగారికి 74 ఏళ్లు, ఎత్తు 150 సెంటీమీటర్లు. చాలాకాలంగా మధుమేహం ఉంది. షుగరుకు మెట్‌ఫార్మిన్, అరికాళ్ల మంటకు ప్రీగాబాలిన్ వాడుతున్నారు. తిండి కావాలని తగ్గించుకోకపోయినా ఏడాదిలో బరువు 52 కిలోల నుంచి 47 కిలోలకు పడిపోయింది. నడక నెమ్మదించింది, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి లేస్తున్నారు, ఆవకాయ జాడీ మూత తీయడానికి ఎవరినో ఒకరిని పిలుస్తున్నారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 0.5, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల వడపోత అంచనా) 98, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) 3.3, సీఆర్‌పీ (ఒంటి లోపలి వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే సూచిక) 14, విటమిన్ డి 14 వచ్చాయి. కిడ్నీలు పడుచువాళ్లకు ఉన్నట్టు ఉన్నాయని ల్యాబులో చెప్పారు. ఐఎల్-6, జీడీఎఫ్-15 అనే రక్తంలోని ప్రోటీన్ల వంటివి కలిపి వృద్ధాప్య సూచికల ప్యాకేజీ ఒకటి ఉందని, అది కూడా చేయించమని అంటున్నారు. కండరాలు కరిగిపోతున్న సంగతి రక్తపరీక్షలో నిజంగా తెలుస్తుందా?

జవాబు: బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు

ఆ ప్యాకేజీకి ఖర్చు పెట్టే ముందు, మీ చేతిలో ఉన్న రిపోర్టులోని క్రియాటినిన్ అంకెను ఇంకోసారి చూడండి. క్రియాటినిన్ పుట్టేది ప్రధానంగా కండరంలో, క్రియాటిన్ అనే పదార్థం నుంచి. కిడ్నీలు దాన్ని వడపోసి బయటకు పంపుతాయి. అందువల్ల రక్తంలో అది తక్కువగా ఉండటానికి వడపోత బాగా జరగడం ఒక కారణమైతే, అసలు పుట్టుకే తగ్గిపోవడం మరో కారణం. ఈజీఎఫ్‌ఆర్ లెక్కకట్టే సూత్రానికి తెలిసినవి వయసు, స్త్రీ పురుష భేదం, క్రియాటినిన్ మాత్రమే. ఆ మనిషి ఒంట్లో కండ ఎంత ఉందో దానికి తెలియదు. ఏడాదిలో ఐదు కిలోలు తగ్గిన 74 ఏళ్ల ఆవిడకు 98 వచ్చిందంటే సంతోషపడే ముందు అనుమానించాలి.

సిస్టాటిన్ సి అనే పరీక్ష ఉంది. కేంద్రకం ఉన్న కణాలన్నీ ఈ ప్రోటీనును తయారుచేస్తాయి కనుక కండ పరిమాణం దాని మీద పెద్దగా ప్రభావం చూపదు. ఆ ఒక్కటి చేయించండి. అయితే వాపు, థైరాయిడ్ లోపాలు, స్టెరాయిడ్ మందులు దాన్ని కొంత మారుస్తాయి కాబట్టి దాన్నీ ఒంటరిగా నమ్మకూడదు.

ఇక ఐఎల్-6, జీడీఎఫ్-15 విషయం. బలహీనపడిన వృద్ధుల సమూహాలలో ఇవి సగటున ఎక్కువగా ఉంటాయన్నది వాస్తవమే. కానీ గుండె జబ్బు, ఇన్‌ఫెక్షన్, క్యాన్సర్ ఉన్నా ఇవి పెరుగుతాయి. మెట్‌ఫార్మిన్ వాడేవారిలో జీడీఎఫ్-15 ఆ మందు వల్లనే పెరుగుతుంది. మీ అమ్మగారి విషయంలో ఆ అంకె వచ్చినా దాని ఆధారంగా మారే చికిత్స ఏదీ లేదు.

కృష్ణాతీరం

మీరు చెప్పినట్టే చేయించామండి. సిస్టాటిన్ సి 1.3 వచ్చింది, దాని ప్రకారం ఈజీఎఫ్‌ఆర్ 48 అని రాశారు. ఒకటి 98, ఇంకొకటి 48. ఏది నమ్మాలి?

జవాబు: వృద్ధుల వైద్యం చూసే డాక్టరు

రెండింటినీ కలిపి లెక్కించే 2021 సూత్రంలో వేస్తే మీ అమ్మగారికి సుమారు 72 వస్తుంది. ఇలాంటి సందర్భాల్లో ఆ ఉమ్మడి అంకెనే వాడమని కిడ్నీ వ్యాధుల అంతర్జాతీయ మార్గదర్శకాలు 2024లో సూచించాయి. మరో మెలిక కూడా ఉంది. రిపోర్టులోని అంకె 1.73 చదరపు మీటర్ల దేహ ఉపరితలానికి సరిచేసినది; మీ అమ్మగారి ఉపరితలం 1.4 చదరపు మీటర్ల దగ్గర ఉంటుంది కనుక ఆవిడ కిడ్నీలు నిజంగా వడపోసేది నిమిషానికి 58 మిల్లీలీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ప్రీగాబాలిన్ మోతాదు తగ్గించడం గురించి ఆలోచించాల్సిన గీత 60. ఆ మందు ఎక్కువైతే మత్తు, తూలుడు వస్తాయి, ఇప్పటికే బలం తగ్గిన మనిషి పడిపోతారు. అందుకే ఈ రెండు రిపోర్టులూ తీసుకుని మందు రాసిన వైద్యుడిని కలవండి. మీ అంతట మీరు మోతాదు మార్చకండి. మెట్‌ఫార్మిన్ ఆకలిని, బరువును, బి12ను తగ్గించగలదు కాబట్టి దాని సంగతీ అడగండి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది సీఆర్‌పీ 14, దానితో పాటు పదో వంతు బరువు తగ్గడం. కోరకుండా ఏడాదిలో నాలుగున్నర కిలోలకు మించి బరువు తగ్గడం, పట్టు సడలడం, నడక మందగించడం, ఎప్పుడూ అలసటగా ఉండటం, కదలికలు తగ్గడం అనే ఐదింటిలో మూడు ఉంటే దాన్ని ఫ్రెయిల్టీ (వృద్ధాప్యంలో వచ్చే బలహీనస్థితి) అనాలని 2001లో లిండా ఫ్రైడ్ బృందం నిర్వచించింది. మీరు రాసినదాన్ని బట్టి మూడు కనిపిస్తున్నాయి. అయినా ఆ పేరు పెట్టి ఊరుకోవడానికి నేను ఒప్పుకోను. మన దేశంలో మధుమేహం ఉన్నవారు చిక్కిపోతుంటే క్షయ, థైరాయిడ్, క్యాన్సర్, పళ్ల చిగుళ్ల జబ్బు, మానసిక కుంగుబాటు, వీటన్నిటినీ వెతికి లేవని తేల్చాకే వయసు మాట ఎత్తాలి. అల్బుమిన్ 3.3 ఉందని పోషణ లోపమని తీర్మానించకండి. ఒంట్లో వాపు ఉంటే కాలేయం దాని తయారీని తగ్గిస్తుంది, కనుక అది కూడా సీఆర్‌పీ చెబుతున్న మాటనే మరోసారి చెబుతూ ఉండవచ్చు.

విటమిన్ డి 14 లోపమే, సరిదిద్దాలి. కానీ 60 వేల యూనిట్ల సాషేలను లెక్క లేకుండా నెలల తరబడి వేయకండి. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు దాటిన మహిళలకు ఏడాదికి ఒకేసారి ఐదు లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన అధ్యయనంలో, 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ పెరిగాయి.

జవాబు: ఫిజియోథెరపిస్టు

కండ సంగతి తేల్చే పరీక్షకు ఇప్పటికీ రక్తం అక్కరలేదు. వయసుతో కండ పరిమాణం కంటే బలం చాలా వేగంగా తగ్గుతుంది కాబట్టి ముందు బలాన్నే కొలుస్తాం. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన గీతల ప్రకారం చేతి పట్టు మహిళల్లో 18 కిలోల కంటే, మగవారిలో 28 కిలోల కంటే తక్కువ ఉంటే బలం తగ్గినట్టు. పట్టు కొలిచే పరికరం లేకపోతే, గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు లేదా అంతకు మించి పడితే ఆగి ఆలోచించాలి. పక్కన మీరు నిలబడండి. చేతుల ఆసరా లేకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే బలవంతపెట్టకండి, పరీక్ష ఫలితం అదే. పిక్క చుట్టుకొలత టేపుతో చూసి, 33 సెంటీమీటర్ల లోపు ఉంటే రాసి ఉంచండి. కాళ్లకు నీరు పట్టి ఉంటే మాత్రం ఆ కొలత పనికిరాదు.

డాక్టరుగారు చెప్పిన కారణాల వేట సాగుతుండగానే వ్యాయామం మొదలుపెట్టవచ్చు, వైద్యుడు వద్దంటే తప్ప. ఉదయం నడక మంచిదే కానీ నడకతో మాత్రమే తొడల బలం తిరిగి రాదు. బరువుకు ఎదురు పనిచేయాలి. బోస్టన్‌లో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు తొడ కండరాల వ్యాయామం చేయించినప్పుడు, 1990లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, బలం సగటున 174 శాతం పెరిగింది. మీ అమ్మగారికి వారానికి మూడు రోజులు చాలు: కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచి లేవడం, అది తేలికయ్యాక దిండు తీసేయడం, తర్వాత మడమలు ఎత్తి నిలబడటం.

తిండి విషయంలో, వృద్ధులకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ అంటే ఆవిడకు సుమారు 47 నుంచి 56 గ్రాములు కావాలి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పలుచని చారన్నం, రాత్రి మజ్జిగన్నం తింటే అది అందదు. మూడు పూటలా గట్టి పప్పో, గుడ్డో, చేపో, పనీరో, మీగడ తీయని పెరుగో ఏదో ఒకటి కంచంలో ఉండేలా చూడండి. గుడ్డు ఒకటి తింటే ఆరు గ్రాములు వస్తుంది. కిడ్నీల పేరు చెప్పి ప్రోటీన్ తగ్గించాల్సిన స్థితిలో ఆవిడ లేరు. కుర్చీ పరీక్షను ఎనిమిది వారాల తర్వాత అదే కుర్చీతో మళ్లీ చేసి, రెండు సమయాలనూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.