కౌంటర్ దగ్గర నిలబడే సిబ్బంది కుంగిపోతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: సూపర్‌మార్కెట్ ఫ్లోర్ సూపర్‌వైజర్, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం (మే 2021)

కొవిడ్ వల్ల మే 5 నుంచి రాష్ట్రమంతటా మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ మొదలవుతున్నందున, ఇదివరకు రోజంతా విడతలవారీగా వచ్చే జనం ఇప్పుడు ఉదయం ఆరింటికి మేము షట్టర్ ఎత్తకముందే బారులు తీరుతున్నారు. పదకొండు దాటేసరికి ఆ తొందర కోపంగా మారుతోంది. మాస్కు ముక్కు మీదికి లాక్కోమని చెప్పడం, లోపల రద్దీ తగ్గేదాకా గుమ్మం దగ్గర ఆపడం, వంటనూనె ధర ఎందుకు పెరిగిందో జవాబు చెప్పుకోవడం అన్నీ చాలీచాలని జీతానికి పనిచేసే పిల్లల నెత్తిన పడ్డాయి. తిట్టినవారిని తిరిగి ఒక్క మాట అనే అధికారం మాత్రం వారికి లేదు.

బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేసే ఒక అమ్మాయి పరిస్థితి నన్ను మరీ కలవరపెడుతోంది. వారి ఇల్లు గోపాలపట్నం వైపు. నిరుడు మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు తల్లిని పట్టుకుని చీకట్లో పరుగెత్తిన పిల్ల. ఇప్పుడు రోజూ ఉదయం షాపులో క్రిములను చంపే హైపోక్లోరైట్ పిచికారీ చేసిన వాసన తగలగానే గుండె దడ వస్తోందని, ఊపిరి ఆడడం లేదని, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని అంటోంది. కొవిడ్ పరీక్షలో నెగెటివ్ వచ్చింది. ప్రతి నోటునూ శానిటైజర్‌తో తడిపిన గుడ్డతో తుడిచి గల్లాపెట్టెలో వేస్తుంది. వేళ్ల సందుల్లో చర్మం చిట్లి, చిల్లర లెక్కపెట్టేటప్పుడు మంట పుడుతున్నా మానదు. తల్లికి షుగర్ ఉందని రాత్రిళ్లు వరండాలో పడుకుంటోంది. యాజమాన్యం మాత్రం ధైర్యంగా ఉండండి అని గోడకు ఒక కాగితం అంటించి ఊరుకుంది. అంతకు మించి మేము చేయగలిగింది ఏమిటి? ఉద్యోగం పోకుండా ఆమెను ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి?

జవాబు: మందుల షాపు ఉద్యోగి, గాజువాక

మాకు కర్ఫ్యూ మినహాయింపు ఉన్నందున రాత్రి దాకా షాపు తెరిచే ఉంటుంది. తిట్లకన్నా నన్ను ఎక్కువ బాధించేది రోజంతా "లేదండీ" అని చెప్పవలసి రావడం. రెమ్‌డెసివిర్ చీటీ పట్టుకుని వచ్చిన కొడుకుకు, ఆక్సీమీటర్ కోసం నాలుగు షాపులు తిరిగి వచ్చిన ముసలాయనకు అదే మాట చెప్పాలి. స్టాకు లేకపోవడం మన తప్పు కాదని తెలిసినా, ఆ మనిషి వెనుదిరిగి వెళ్తుంటే మనమే ఏదో దాచుకున్నట్టు అనిపిస్తుంది. నెలనెలా బీపీ మాత్రలు కొనుక్కునే వారిలో కొందరు రావడం మానేశారు. ఎందుకు రావడం లేదని ఇంటికి ఫోను చేసి అడగడానికి నాకు ధైర్యం చాలడం లేదు. జనవరిలో టీకాలు మొదలైనప్పుడు వైద్య సిబ్బందికి, ఫిబ్రవరిలో పోలీసులకు, పారిశుద్ధ్య కార్మికులకు ముందుగా ఇచ్చారు, అది న్యాయమే. అయితే రోజూ వందల మందికి ఎదురుగా నిలబడే దుకాణాల సిబ్బంది ఎవరికీ గుర్తు రాకపోవడం వల్ల, మా ప్రాణానికి విలువ లేదన్న భావన చాలామందిలో బలపడింది.

జవాబు: క్లినికల్ సైకాలజిస్టు, సీతమ్మధార

మీరు చెప్పిన లక్షణాలు పానిక్ అటాక్‌లా, అంటే హఠాత్తుగా ముంచుకొచ్చే తీవ్రమైన భయంలా కనిపిస్తున్నాయి గానీ, ఆమెను చూడకుండా నిర్ధారించడం సరికాదు. భయంలో మనిషి తనకు తెలియకుండానే వేగంగా ఊపిరి తీస్తాడు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గాలి చాలడం లేదనిపిస్తుంది. ఆ సమయంలో ఆక్సీమీటర్ పెడితే సాధారణంగా 95కు పైనే చూపిస్తుంది. ఆ అంకెను ఆమెకే చూపించండి. 94 కన్నా తగ్గితే మాత్రం భయమేనని సరిపెట్టుకోకుండా వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఊపిరి తీసుకునే సమయం కన్నా వదిలే సమయం ఎక్కువ ఉండేలా, నెమ్మదిగా వదలమని చెప్పండి.

ఇక వాసన సంగతి. ప్రాణభయం కలిగిన క్షణాలను శరీరం వాసనతో సహా గుర్తుపెట్టుకుంటుంది కనుక, ఘాటైన వాసన తగలగానే అదే భయం తిరిగి రావడం ఆశ్చర్యం కాదు. పిచికారీ మధ్యాహ్నం షట్టర్ దించాక చేయించండి, ఉదయానికి వాసన పోతుంది. యాజమాన్యానికి దీనికి పైసా ఖర్చు లేదు. చేతులకు సబ్బు, కొబ్బరినూనె చాలు. నోట్లు తుడవనక్కర లేదని మీరే చెబితే ఆమె వినే అవకాశం ఉంది.

అమెరికాలోని బోస్టన్‌లో ఒక కిరాణా స్టోర్‌లోని 104 మంది సిబ్బందిని పరీక్షించి 2020 అక్టోబరులో ఫలితాలు ప్రచురించారు. వారిలో 21 మందికి వైరస్ సోకింది. దాదాపు నాలుగో వంతు మందిలో ఆందోళన లక్షణాలు ఉన్నాయి. పనిలో భౌతిక దూరం పాటించే వీలున్నవారిలో ఆందోళన తక్కువగా కనిపించింది. కౌంటర్ ముందు దూరం ఉంచే ఏర్పాటు మనసుకు కూడా మేలు చేస్తుందని దీన్నిబట్టి నేను భావిస్తున్నాను.

నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా చెడిపోయి ఉంటే వాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి తీసుకెళ్లండి. చనిపోవాలనిపిస్తోందన్న మాట ఎప్పుడైనా నోట వస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లాలి.

జవాబు: కిరాణా హోల్‌సేల్ దుకాణం యజమాని, పూర్ణా మార్కెట్

కొనుగోలుదారులు కూడా భయంతోనే అరుస్తున్నారని యజమానిగా చెప్పగలను. కానీ ఆ అరుపు పడవలసినది జీతానికి పనిచేసే పిల్లల మీద కాదు. గొంతు పెంచినవారితో నేనే వచ్చి మాట్లాడతానని, అప్పటిదాకా కౌంటర్ వదిలి పక్కకు వెళ్లిపోవచ్చని మావాళ్లకు చెప్పాను. గుమ్మం దగ్గర జనాన్ని ఆపేందుకు వేరే మనిషిని పెట్టాను. కౌంటర్ వెనుక ఎత్తు స్టూలు వేశాను, గంటకోసారి ఒకరు గోడౌన్‌లోకి వెళ్లి మాస్కు దించుకుని, నీళ్లు తాగి రావాలి. మన సముద్రపు ఉక్కలో రెండు మాస్కులతో ఆరు గంటలు నిలబడడం ఎంత నరకమో ఏసీ గదిలో కూర్చున్నవారికి తెలియదు. అన్నిటికన్నా బాగా పనిచేసింది జీతం విషయం. పాజిటివ్ వచ్చినవారికి కోత లేదని చెప్పాకే మావాళ్లు జ్వరం దాచడం మానేశారు. ఆరు గంటల అమ్మకాలతో ఇది భారమే, అయినా తప్పదు.

జవాబు: కార్మిక చట్టాల న్యాయవాది, డాబాగార్డెన్స్ (2021)

ఉద్యోగం గురించి అడిగారు. ఆమె జీతపు చీటీలో 0.75 శాతం ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో ముందు చూడండి. ఉంటే, చందా షరతులు నెరవేరినప్పుడు, డాక్టరు ధ్రువీకరణతో ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం అనారోగ్య భృతి వస్తుంది. మానసిక అనారోగ్యానికి కూడా ఇది వర్తిస్తుంది. ఆ భృతి పొందుతున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసివేయడాన్ని ఈఎస్‌ఐ చట్టంలోని 73వ సెక్షన్ నిషేధిస్తోంది. డాక్టరు కాగితాలన్నీ నకళ్లు తీసి ఉంచుకోమనండి.

ప్రశ్న అడిగినవారు

పిచికారీ వేళ మార్పించాను, స్టూలుకు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఈఎస్‌ఐ కోత ఉంది. ఈ సోమవారం ఆమెను నేనే వాల్తేరు తీసుకెళ్తున్నాను.

జవాబు: వస్త్ర దుకాణం సేల్స్ ఉద్యోగిని, ద్వారకానగర్ (2023)

ఈ చర్చ పాతదే అయినా ఇప్పుడు చదివేవారి కోసం రాస్తున్నాను. దుకాణాల్లో పనిచేసేవారు కూర్చునే హక్కును కేరళ 2018లోనే చట్టంలో చేర్చింది, 2021లో తమిళనాడు కూడా చేర్చింది. స్టూలు అడగడం గొంతెమ్మ కోరిక కాదని మీ యజమానికి ఈ రెండు రాష్ట్రాలనూ చూపించండి. 2022 అక్టోబరు 10 నుంచి టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ పనిచేస్తోంది. 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.