రిపోర్టులో ‘సేఫ్’ అని రాసి మళ్లీ ఆపరేషన్ ఏంటి?

కవిత_వనస్థలిపురం
అందరికీ నమస్తే. మా అమ్మకు 54 ఏళ్లు. ఎడమ చెవి చిన్నప్పటి నుంచీ కారుతూనే ఉంది. జలుబు చేసినా, తలస్నానం చేసేటప్పుడు నీళ్లు పోయినా మొదలవుతుంది, చుక్కలు వేస్తే వారంలో ఆగుతుంది. ఇన్నేళ్లకు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాం. కర్ణభేరికి మధ్యలో రంధ్రం ఉంది, దీర్ఘకాలిక మధ్యచెవి జబ్బు, ‘సేఫ్ టైప్’ అని చీటీలో రాశారు. సీటీ స్కాన్ తీయించుకుని రండి, ఆపరేషన్ సంగతి మాట్లాడదాం అన్నారు. అమ్మేమో “నొప్పి లేదు, వినపడుతోంది, నాకెందుకు” అంటోంది. సేఫ్ అయితే ఆపరేషన్ ఎందుకు?

రాంనగర్_రావు
అమ్మా, జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. సేఫ్ అంటే సేఫ్. డాక్టరే తన చేత్తో రాశారు. చెవిలో నీళ్లు పోకుండా చూసుకోండి, దూదికి కొంచెం వ్యాజిలిన్ రాసి పెట్టుకుని స్నానం చేయమనండి. నేను 20 ఏళ్లుగా అదే చేస్తున్నాను. 2011లో నాకు ఆపరేషన్ చేశారు. 70 వేలు పోశాను. ఏడాది తిరగకుండా మళ్లీ అక్కడే రంధ్రం.

బడీచౌడీ_బాబు
వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా 2 చుక్కలు. మా అమ్మమ్మ వైద్యం.

ఉప్పల్_పద్మ
బాబు గారూ, పొరకు రంధ్రం ఉన్న చెవిలో నూనె పోస్తే అది నేరుగా మధ్యచెవిలోకి దిగుతుంది. దయచేసి ఇలాంటివి రాయకండి.

రావు గారూ, ‘సేఫ్’ అంటే ఏమీ చేయనక్కర్లేదని కాదు. డాక్టర్లు పాతకాలం నుంచి ఈ జబ్బుకు పెట్టుకున్న పేరది. రంధ్రం పొర మధ్యలో ఉండి, చుట్టూ అంచు మిగిలి ఉంటే ‘సేఫ్’ అంటారు. మెదడు దాకా పాకే ప్రమాదం తక్కువని దాని అర్థం. పైభాగంలో గానీ, అంచున గానీ ఉంటే ‘అన్‌సేఫ్’. సేఫ్ అన్నదాంట్లోనూ చీము కారుతూనే ఉంటుంది, వినికిడి తగ్గుతూనే ఉంటుంది.

రాంనగర్_రావు
అదే నేనూ అన్నది. ప్రమాదం తక్కువ. మీరే ఒప్పుకున్నారు.

దోమలగూడ_డీజే
8వ తరగతిలో మా లెక్కల సార్ చెంప మీద కొడితే నా కర్ణభేరి చిరిగింది. చెవిలో గుయ్ మని శబ్దం, కాస్త రక్తం. నెలన్నరకు దానంతట అదే మూసుకుంది. సార్‌ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

రాంనగర్_రావు
చూశారా! పొర దానంతట అదే మూసుకుంటుంది. ఒళ్లు తనకు తాను బాగు చేసుకుంటుంది, మనమే తొందరపడి కోయించుకుంటాం.

ఉప్పల్_పద్మ
అది వేరు, ఇది వేరు. డీజే గారిది బాగున్న చెవి, దెబ్బకు చిరిగింది, తాజా గాయం. అలాంటివి చాలా వరకు కొన్ని వారాల్లో మానుతాయి. కవిత గారి అమ్మది ఏళ్ల తరబడి ఉన్న రంధ్రం. దాని అంచు చుట్టూ చర్మం పెరిగిపోయి ఉంటుంది. ఒళ్లు దాన్ని గాయం అనుకోవడం ఎప్పుడో మానేసింది. అందుకే ఆపరేషన్‌లో ముందు ఆ అంచును గీకి మళ్లీ పచ్చి చేస్తారు. తర్వాత చెవి పైన కణత కండరం మీద ఉండే పలుచటి పొర తీసి లోపల అతికిస్తారు.

చెవి_టెస్టు
నేను వినికిడి పరీక్షలు చేసే మనిషిని, డాక్టర్‌ని కాదు. రోజూ చూసేది చెబుతాను. రంధ్రం వల్ల చీమా, చీము వల్ల రంధ్రమా అని చాలామంది అడుగుతారు. రెండూ నిజమే. చిన్నప్పుడు జలుబు ముక్కు వెనక ఉన్న గొట్టం గుండా మధ్యచెవికి ఎక్కుతుంది, చీము నిండి పొరను చీల్చుకుని బయటికొస్తుంది. మామూలుగా అది మానిపోవాలి. పదే పదే వస్తే మానదు. ఇక బయటి నుంచి నీళ్లు, లోపలి నుంచి జలుబు, రెండు దారులూ తెరిచినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2 వారాలు దాటి కారితే చాలు, దీర్ఘకాలికం కిందే లెక్క. చాలామంది డాక్టర్లు ఇంకా ఎక్కువ గడువు చూస్తారు.

ఇంకో మాట. మెడికల్ షాపులో అడిగి చెవి చుక్కలు కొనకండి. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటివి ఉన్న చుక్కలు రంధ్రం ఉన్న చెవిలో వేస్తే లోపలి చెవికి దెబ్బ తగలొచ్చు.

కవిత_వనస్థలిపురం
అయ్యో, ఇన్నేళ్లూ అమ్మ వేసుకున్నవి షాపు చుక్కలే. సీసా చూడాలి.

మలక్‌పేట_అజీజ్
మా బాబుకూ ఇదే సమస్య. నేనూ చదువుతున్నా, రాస్తూ ఉండండి.

రాంనగర్_రావు
పద్మ గారు ఆపరేషన్ గొప్పగా వర్ణించారు. ఆ అతికించిన పొర నిలవకపోతే ఏమవుతుందో కూడా రాయండి. నాది నిలవలేదు. మళ్లీ చేద్దాం అన్నారు, ఇంకో బిల్లు. చెవి కారితే మనిషి చావడండీ. నొప్పి లేని జబ్బుకు కత్తి ఎందుకు?

ఉప్పల్_పద్మ
నొప్పి లేదు, నొప్పి లేదు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా తమ్ముడికి చెవి కొంచెమే కారేది, కానీ కుళ్లిన వాసన. నొప్పి అసలు లేదు. ఇంట్లో మీలాంటి పెద్దమనిషే ఒకరు “నొప్పి లేదు కదా, ఏం కాదులే” అని రెండేళ్లు ఆపారు. ఒక రోజు పొద్దున లేచేసరికి మూతి ఒక పక్కకు వంకర. ఒక కన్ను మూతపడదు. పైభాగంలో పొర లోపలికి లాక్కుపోయి సంచిలా అయి, అందులో చర్మం పేరుకుని ఎముకను తినేస్తోందని అప్పుడు తెలిసింది. కొలెస్టియటోమా అంటారు. చెవి వెనక ఎముక తొలిచి తీశారు. మూతి చాలా వరకు సరయింది. ఆ చెవి మాత్రం పోయింది. వాడికి అప్పుడు 26 ఏళ్లు.

రాంనగర్_రావు
మీ తమ్ముడి సంగతి విని బాధేసింది. కానీ ఆ పెద్దమనిషిని నేను కాదు.

నేనెక్కడా ఆపరేషన్ చేయించుకోవద్దు అనలేదు, పైకి వెళ్లి చదవండి. నా కోపం వేరు. చెవి బాగా ఆరాక, కొన్ని వారాలు పొడిగా ఉన్నాక చేస్తే మంచిదని నాకు తర్వాత ఇంకొకరు చెప్పారు. నాకు కారుతుండగానే టేబుల్ ఎక్కించారు. పొర నిలవకపోవచ్చు అని ముందు ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే నేనే ఒక నెల ఆగేవాణ్ని. ఆ 70 వేలు మా అమ్మాయి ఫీజుకు దాచినవి.

ఉప్పల్_పద్మ
ఆ మాట మొదటే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

రాంనగర్_రావు
రాశాను. 70 వేలు అని రాశాను. మీరు చదవలేదు.

చెవి_టెస్టు
ఇద్దరూ కొంచెం ఆగండి. కవిత గారూ, నాకు మొదటి నుంచీ ఒక అనుమానం. మధ్యలో రంధ్రం, సేఫ్ టైప్ అంటే సాధారణంగా సీటీ అంత అవసరం పడదు. ఏదో చూసే అడిగి ఉంటారు. చీటీలో ఉన్నదంతా ఇక్కడ రాయగలరా?

కవిత_వనస్థలిపురం
రాస్తున్నాను. “ఎడమ చెవి: మధ్యలో రంధ్రం, ప్రస్తుతం పొడిగా ఉంది, సేఫ్ టైప్. కుడి చెవి: పైభాగంలో పొర లోపలికి లాక్కుపోయింది, సంచి అడుగు కనపడటం లేదు. సీటీ, వినికిడి పరీక్ష.” కుడి చెవి ఎప్పుడూ కారలేదని నేను అది పట్టించుకోలేదు.

చెవి_టెస్టు
సీటీ కుడి చెవి కోసం. ఇంతసేపూ మనం వేరే చెవి గురించి కొట్లాడుకున్నాం.

రాంనగర్_రావు
అది ముందు చెప్పాలి కదమ్మా!

ఉప్పల్_పద్మ
కవితా, ఒక్కటి చెప్పు. కుడి చెవి దగ్గర ఎప్పుడైనా వాసన వచ్చిందా? చాలా కొంచెం అయినా సరే.

కవిత_వనస్థలిపురం
అమ్మను అడిగితే లేదంది. చెల్లి అమ్మ పక్కనే పడుకుంటుంది, దాన్ని అడిగాను. తలగడ గలీబుకు ఒక పక్క వాసన వస్తోందని రెండు నెలలుగా అదే ఉతుకుతోందట. జుట్టుకు రాసే నూనె వాసన అనుకుందట.

రాంనగర్_రావు
ఇక ఆగకు. రేపే సీటీ తీయించు. ఆ చుక్కల సీసా కూడా సంచిలో వేసుకుని వెళ్లు, డాక్టర్‌కు చూపించు. ఆపరేషన్ అంటే పొర నిలవకపోతే ఏంటి, మళ్లీ వస్తే ఏంటి అని నువ్వే అడుగు, వాళ్లు చెప్పేదాకా కుర్చీలోంచి లేవకు.